స్టేడియం గేటు దగ్గర తనిఖీలు, తీసేసుకునే సామాను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐపీఎల్ మొదలైందంటే చుట్టాలు, స్నేహితుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. టికెట్లు ఇప్పించమని కాదు, ఆ పని నావల్ల కాదని అందరికీ తెలుసు. "పవర్‌బ్యాంక్ తేనిస్తారా?", "పాపకి పాలసీసా తీసుకెళ్లొచ్చా?", "హెల్మెట్ ఎక్కడ పెట్టాలి?" ఇవే ప్రశ్నలు. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి ఏళ్ల తరబడి వెళ్తున్నాను, వైజాగ్ మధురవాడ స్టేడియానికి అప్పుడప్పుడు. చూసిందీ తెలుసుకున్నదీ ఒకచోట రాసిపెడితే ఫోన్లు తగ్గుతాయని ఈ ప్రయత్నం. ఒక్కమాట: ప్రతి మ్యాచ్‌కి ముందు పోలీసులు, నిర్వాహకులు విడిగా ఒక జాబితా ఇస్తారు. నేను రాసినదానికీ ఆ జాబితాకీ తేడా వస్తే జాబితాదే పైచేయి.

ప్రశ్న: అసలు ఏమేమి లోపలికి రానివ్వరు?

ఉప్పల్ మ్యాచ్‌లకు రాచకొండ పోలీసులు ఏటా ఇస్తూ వచ్చిన జాబితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించేవి ఇవి: బ్యాగులు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు, బ్యాటరీలు, నీళ్ల సీసాలు, బయటి తిండి, సిగరెట్లు, లైటర్లు, అగ్గిపెట్టెలు, పదునైన వస్తువులు, బైనాక్యులర్లు, సెంటు సీసాలు, పెన్నులు, హెల్మెట్లు, బ్యానర్లు. కొన్నిసార్లు ముఖం చూసుకునే అద్దాలు, చిల్లర నాణేలు కూడా. సెల్‌ఫోన్ రానిస్తారు. పవర్‌బ్యాంక్ బ్యాటరీ కిందే లెక్క, రానివ్వరు. మొదటిసారి వచ్చేవాళ్లలో సగంమంది జేబులో అదే దొరుకుతుంది.

నేను పాటించే లెక్క చాలా చిన్నది. ఫోను, టికెట్టు, కాసిన్ని నోట్లు, ఒక కార్డు, ఇంటి తాళంచెవి. ఇంతకు మించి జేబులో ఏది ఉన్నా దానికో కథ తయారవుతుంది.

ప్రశ్న: పెన్నూ చిల్లరా ఏం చేస్తాయండీ? అతి కాదా?

అతిగానే అనిపిస్తుంది, నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. కానీ ఆ జాబితాలోని వస్తువుల్ని ఒక్కొక్కటిగా చూడండి. విసరడానికి పనికొచ్చేవి, మండేవి, గుచ్చుకునేవి, ఏదైనా దాచడానికి వీలున్నవి. దాదాపు అన్నీ ఈ నాలుగు రకాల్లోకే వస్తాయి. బౌండరీ దగ్గర నిలబడ్డ ఫీల్డర్ వీపుకి పై అంతస్తు నుంచి వచ్చి తగిలితే పది రూపాయల బిళ్ళ కూడా రాయే. సెంటు, డియోడరెంట్ డబ్బాలు మంటకి అందితే భగ్గుమంటాయి.

వీటి వెనక జరిగిన సంగతులు ఉన్నాయి. 1996 మార్చి 13న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. శ్రీలంక 251 కొట్టింది, మనవాళ్లు 120కి 8 వికెట్లు పోగొట్టుకున్నారు. జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో మంటలు పెట్టారు. మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపి శ్రీలంక గెలిచినట్టు ప్రకటించాడు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ మైదానం వదిలిన దృశ్యం మా తరం మర్చిపోలేదు. 2015 అక్టోబరులో కటక్‌లో దక్షిణాఫ్రికా మీద మనం 92కే ఆలౌటైతే మళ్ళీ అదే సీసాల వాన, మళ్ళీ ఆట ఆగింది. 2018 ఏప్రిల్‌లో కావేరీ నీళ్ల గొడవ జరుగుతున్నప్పుడు చెన్నైలో మైదానంలోకి చెప్పులు విసిరారు. ఆ తర్వాత ఆ సీజన్లో మిగిలిన చెన్నై సూపర్ కింగ్స్ సొంతగడ్డ మ్యాచ్‌లన్నీ పుణెకి తరలిపోయాయి.

బ్యాగుల సంగతి వేరు. 2010 ఏప్రిల్ 17న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేటు దగ్గర మ్యాచ్‌కి కాస్త ముందు బాంబులు పేలి జనం గాయపడ్డారు. ఆ సీజన్ సెమీఫైనళ్లను అక్కడినుంచి నవీ ముంబైకి మార్చేశారు. 2015 నవంబరులో పారిస్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా ముగ్గురు ఆత్మాహుతి దళంవాళ్లు స్టేడియం దాకా వచ్చారు. ముగ్గురూ బయటే పేల్చుకున్నారు, లోపలికి మాత్రం రాలేకపోయారు. ఆ రాత్రి స్టాండ్లలో వేలమంది ఉన్నారు. అందుకే బ్యాగు విషయంలో నేను గేటు దగ్గర ఎవరితోనూ వాదించను. పెన్ను గురించైతే ఇప్పటికీ గొణుగుతాను.

ప్రశ్న: గేటు దగ్గర తీసేసుకున్న వస్తువు మ్యాచ్ అయ్యాక తిరిగి ఇస్తారా?

అన్ని ప్రశ్నల్లోకీ పెద్దది ఇదే. ఇవ్వరు అనే అనుకోండి.

గేటు పక్కన ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది. ఒకసారి లైను కదలక దాని పక్కనే పది నిమిషాలు నిలబడ్డాను. లోపలికి తొంగిచూస్తే పైన లైటర్లు, కింద సగం తాగిన నీళ్ల సీసాలు, వాటి మధ్య నలిగిన పులిహోర పొట్లం, ఎవరిదో పౌడరు డబ్బా, మూత ఊడిన సెంటు సీసా. దాని వాసన పులిహోరకి పట్టేసింది. ఓ మూల కొత్త ఇయర్‌ఫోన్ల డబ్బా, ఇంకా సీలు కూడా తీయలేదు. ఏ వస్తువు మీదా పేరు లేదు, నంబరు లేదు, చీటీ లేదు. నలభై వేలమంది దాకా పట్టే స్టేడియంలో రాత్రి పదకొండున్నరకి అందరూ ఒకేసారి బయటపడితే అందులోంచి మీది ఏదో ఎవరు వెతికిస్తారు? గుడి హుండీలో వేసినట్టే, వేసిన చేత్తో తీసుకోలేం.

దీంట్లో చాలామంది గమనించని కిటుకు ఒకటుంది. ఆ వస్తువును ఎవరూ జప్తు చేయలేదు. "ఇది లోపలికి పనికిరాదు" అన్నారంతే. పడేసింది మీరు. పోలీసులు చట్టప్రకారం ఒక వస్తువును స్వాధీనం చేసుకుంటే దానికి రాతకోతలు ఉంటాయి, పంచనామా ఉంటుంది, మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. డ్రమ్ములో పడ్డదానికి అవేవీ ఉండవు, ఎందుకంటే లెక్కప్రకారం అది మీరు వదిలేసుకున్న సామాను.

కాబట్టి గేటు దగ్గర మీకు ఎప్పుడూ ఇంకో దారి ఉంటుంది. వెనక్కి తిరగడం. "సార్, ఇది బండిలో పెట్టొస్తాను" అంటే ఎవరూ కాదనరు. టికెట్ స్కాన్ కాకముందు ఈ మాట అనాలి. స్కాన్ అయ్యాక బయటికి వెళ్తే మళ్ళీ రానివ్వరని టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది. లైను పోతుంది, రెండు ఓవర్లు పోతాయి. రెండు వేల రూపాయల పవర్‌బ్యాంకా, రెండు ఓవర్లా అన్నది మీ ఇష్టం. కానీ వెనకనుంచి తోస్తున్నారని, లోపల పాట మోగుతోందని, ఆ టెన్షన్‌లో చేతిలోది డ్రమ్ములో పడేసి తర్వాత ఏడవకండి.

ప్రశ్న: సామాను దాచుకునే గది ఉండదా?

మన క్రికెట్ స్టేడియాల్లో ఉంటుందని నమ్ముకుని వెళ్లకండి. టికెట్ షరతుల్లో "వస్తువుల భద్రతకు బాధ్యత మాది కాదు" అనే అర్థంవచ్చే వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గేటు బయట ఎవరైనా చిన్న టేబుల్ వేసుకుని డబ్బు తీసుకుని టోకెన్ ఇస్తుంటే, అది నిర్వాహకులు పెట్టించిందా అని పోలీసుల్ని అడిగాకే ఇవ్వండి.

ప్రశ్న: బైకు మీద వస్తాను, హెల్మెట్ ఏం చేయాలి?

హెల్మెట్ లేకుండా రోడ్డెక్కితే చలానా, హెల్మెట్‌తో గేటు దగ్గరికొస్తే వెనక్కి. మధ్యలో నలిగేది బైకువాడే.

నా అనుభవం చెబుతాను, ఏ ఊళ్లో అన్నది వదిలేయండి. కొత్త హెల్మెట్, కొని వారం కాలేదు. బైకు దూరంగా పెట్టి, హెల్మెట్ చేతికి తగిలించుకుని గేటుదాకా నడిచాను. పనికిరాదన్నారు. అప్పటికి టాస్ అయిపోయింది. ఎదురుగా సోడాబండి. "అన్నా, కాస్త చూస్తావా" అని ఇరవై రూపాయలిచ్చాను. ఆయన దాన్ని నిమ్మకాయల బుట్టమీద బోర్లించాడు. మ్యాచ్ సూపర్ ఓవర్‌దాకా పోయింది. బయటికొచ్చేసరికి బండి లేదు, నేలమీద పిండేసిన నిమ్మచెక్కలు మాత్రం ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్తే పక్క పాన్‌డబ్బాలో దొరికింది. ఆ సోడా ఆయన పాపం పాన్‌డబ్బావాడికి మరీమరీ చెప్పి అప్పగించి వెళ్లాడట. హెల్మెట్ లోపల ఇప్పటికీ నిమ్మకాయ వాసనే.

ఇప్పుడు నేను చేసేది: సీటు కింద హుక్కుకి హెల్మెట్ బెల్టు తగిలించి లాక్ చేస్తాను. హుక్కు లేని బండైతే సన్నని కేబుల్ లాక్ దొరుకుతుంది, చక్రానికి కలిపి వేయొచ్చు. అన్నిటికన్నా సుఖం మెట్రో. నాగోల్–రాయదుర్గం లైన్లో ఉప్పల్ తర్వాత వచ్చే స్టేషన్ పేరే స్టేడియం. ఐపీఎల్ రోజుల్లో రైళ్లు ఎంతవరకు నడుస్తాయో ముందే ప్రకటిస్తారు, చూసుకోండి.

ప్రశ్న: ఒళ్ళు తడిమి చూసే అధికారం ప్రైవేటు సెక్యూరిటీవాళ్లకి ఉందా?

మీరు ఒప్పుకుంటేనే. టికెట్ కొనడమంటే తనిఖీకి ఒప్పుకున్నట్టు అని షరతుల్లో రాసి ఉంటుంది. మీరు కుదరదంటే వాళ్లు బలవంతంగా చేయకూడదు, కానీ లోపలికి రానివ్వకుండా ఆపొచ్చు. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలు 2005 నాటి చట్టం కింద లైసెన్సు తీసుకుని పనిచేయాలి. యూనిఫాం ఖాకీలా కనిపించినా వాళ్లకి పోలీసు అధికారాలు రావు. మీ ఫోను లాక్కుని ఫొటోలు చూడటం, పర్సులో డబ్బు లెక్కపెట్టడం వాళ్ల పని కాదు. అలా జరిగితే గొడవ పడకుండా పక్కనే ఉన్న పోలీసును పిలవండి. గేటు దగ్గర సాధారణంగా ఒక పోలీసు అధికారి ఉంటారు.

ప్రశ్న: ఆడవాళ్లని ఎవరు తనిఖీ చేస్తారు?

ఆడవాళ్లే. మహిళలకు వేరే లైను, తెర కట్టిన చోటు ఉంటాయి. అరెస్టయిన మహిళనైనా మరో మహిళే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలని చట్టం చెబుతోంది. మ్యాచ్ చూడటానికి వచ్చినావిడకి అంతకన్నా తక్కువ మర్యాద ఎలా ఉంటుంది? లైన్లో మహిళా సిబ్బంది కనిపించకపోతే ఆగండి, "లేడీ కానిస్టేబుల్‌ని పిలవండి" అని గట్టిగా అడగండి. హైదరాబాద్ స్టేడియంలో షీ టీమ్స్, అంటే మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు, మామూలు బట్టల్లో తిరుగుతుంటాయి. తోపులాటలో ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే వాళ్లకి చెప్పొచ్చు, 112కి ఫోన్ చేయొచ్చు.

హ్యాండ్‌బ్యాగ్ మాత్రం ఇంట్లో వదిలేయండి. అరచేతిలో పట్టే పర్సు చాలు.

ప్రశ్న: నీళ్లు కూడా తీసేసుకుంటే ఎలా? ఏప్రిల్ ఎండలో!

నాకు ఒళ్ళు మండే విషయం ఇదొక్కటే. సీసా వద్దంటే సరే, విసురుతారు. కానీ వద్దన్నవాళ్లు లోపల తాగేనీళ్లు సరిగ్గా పెట్టాలి. సినిమా హాళ్ల కేసులో 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇలాంటిదే. బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉంది, కానీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండి ఆపకూడదు అంది. అది హాళ్ల గురించి, స్టేడియాల గురించి కాదు. అయినా గేటు దగ్గర ఎవరైనా పాలసీసా లాక్కోబోతే ఆ తీర్పు గుర్తుచేయడంలో తప్పులేదు.

ధరల దగ్గర ఇంకో మతలబు. ప్యాకెట్ మీద అచ్చువేసిన ధర కన్నా దుకాణంవాడు ఎక్కువ తీసుకోకూడదు. స్టాల్‌లో సీసా మూత తీసి, కూల్‌డ్రింక్ పేపర్ గ్లాసులో పోసి ఇస్తారు. సీసా విసరకుండా అన్నది నిజమే. కానీ గ్లాసు మీద ధర ఉండదు కదా. సీలున్న ప్యాకెట్టుకి ఎక్కువ అడిగితే ఫొటో, యూపీఐ చెల్లింపు వివరం ఉంచుకుని తూనికలు కొలతల శాఖకి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి.

మధ్యాహ్నం మ్యాచ్‌కి వెళ్తుంటే గేటు ముందు కడుపునిండా నీళ్లు తాగి, లోపలికి వెళ్లగానే నీళ్ల పాయింటు ఎక్కడుందో చూసుకుని కూర్చోండి.

ప్రశ్న: మందులు, ఇన్‌సులిన్?

డాక్టరు చీటీ ఫోన్లో కాకుండా కాగితం మీద పెట్టుకోండి. మందులు విడి బిళ్ళలుగా కాకుండా స్ట్రిప్‌తో తీసుకెళ్లండి. ఇన్‌సులిన్ పెన్ను, ఇన్‌హేలర్ ఉంటే తనిఖీ మొదలవ్వకముందే చెప్పండి. వాళ్లు కనిపెట్టాక చెప్పేదానికీ, మీరే ముందు చెప్పేదానికీ చాలా తేడా ఉంటుంది. కింది సిబ్బంది ఒప్పుకోకపోతే పై అధికారిని అడగండి, మందు మాత్రం డ్రమ్ములో వేయకండి.

ప్రశ్న: డిటెక్టర్ కూస్తూనే ఉంటుంది, ఏం చేయాలి?

బెల్టు, తాళాలు, ఫోను ముందే చేతిలో పట్టుకోండి. మోకాలి చిప్ప మార్పించుకున్న పెద్దవాళ్లు ఆ మాట ముందే చెబితే చేత్తో పట్టుకునే డిటెక్టర్‌తో చూసి పంపిస్తారు. మా మావయ్యగారితో వెళ్లినప్పుడు జేబులన్నీ ఖాళీ చేసినా కూత ఆగలేదు. మూడోసారి నడిపించారు, నాలుగోసారి నడిపించారు. వెనకాల లైను గోల. చివరికి ఆయన సిగ్గుపడుతూ చొక్కా కాస్త ఎత్తి చూపించారు: వెండి మొలతాడు, దానికో రాగి తాయెత్తు. కానిస్టేబుల్ దణ్ణం పెట్టి పంపించాడు.

ప్రశ్న: జెండాలు, బ్యానర్లు?

జెండా గుడ్డ సాధారణంగా సరే, కర్ర వద్దు. ప్లకార్డు మీద రాజకీయం, కులం, మతం, కంపెనీ ప్రచారం ఉంటే తీసేస్తారు. అభిమాన హీరో ఫొటోతో వచ్చే బ్యానర్ల సంగతి ఆరోజు డ్యూటీలో ఉన్న అధికారిని బట్టి ఉంటుంది, నేను మాటివ్వలేను.

జాతీయజెండా విషయంలో సిబ్బందీ జాగ్రత్తగా ఉండాలి. 2023 ప్రపంచకప్‌లో చెన్నైలో పాకిస్తాన్–అఫ్గానిస్తాన్ మ్యాచ్ రోజు ప్రేక్షకుల దగ్గర జెండాలు తీసుకుని ఒక ఎస్ఐ చెత్తబుట్టవైపు వెళ్తున్న వీడియో దేశమంతా తిరిగింది. ఆయన మీద శాఖాపరమైన చర్య తీసుకున్నారు. మీ జెండా వద్దంటే చక్కగా మడిచి వెనక్కి తీసుకెళ్లండి, డ్రమ్ములో పడనివ్వకండి.

ప్రశ్న: మంచి కెమెరా ఉంది, ఎందుకు వద్దంటారు?

ఇది భద్రత కన్నా వ్యాపారం. ప్రసార హక్కులు, ఫొటో హక్కులు కొనుక్కున్నవాళ్లు ఉంటారు. లెన్సు విడిగా తీసి పెట్టే కెమెరా ఏదైనా ఆపుతారు.

ప్రశ్న: తనిఖీ లైన్లో ఫోన్ కొట్టేశారు. ఏం చేయాలి?

రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ క్షణమే దొంగకి ముహూర్తం. ఫోన్ చేతిలోనే పట్టుకోండి, వెనక జేబులో పెట్టకండి. పోతే దగ్గరి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించండి. దేశమంతటా 2023 మే నుంచి ఈ సదుపాయం ఉంది, తెలంగాణ పోలీసులు దీంతో చాలా ఫోన్లు వెతికి ఇచ్చారు. ఆ నంబరు ఇప్పుడే *#06# నొక్కి ఎక్కడైనా రాసుకోండి. ఫోన్ పోయాక నొక్కడానికి ఏముంటుంది? టికెట్ కూడా ఫోన్లోనే ఉంటే, పక్కవాళ్ల ఫోన్లో ఒక కాపీ ఉండాలి.

ప్రశ్న: ఎంత ముందు వెళ్లాలి?

గేట్లు సాధారణంగా మూడు గంటల ముందు తెరుస్తారు. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కి అయిదున్నరకల్లా లైన్లో ఉంటే తనిఖీ నెమ్మదిగా, మర్యాదగా సాగుతుంది. ఏడుంబావుకి వెళ్తే సిబ్బందికీ విసుగు, మీకూ విసుగు. గేటు దగ్గర జనం గడ్డకట్టినట్టు కనిపిస్తే అందులోకి దూరకండి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి బయట విజయోత్సవం నాడు గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆట ఒక గంట ఆలస్యంగా చూసినా ఏమీ పోదు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం, అక్కడ ఎలా?

అక్కడ సంగతి ఇంకోలా ఉంటుంది. బోస్టన్ మారథాన్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) స్టేడియాల్లో పారదర్శకంగా కనిపించే బ్యాగే తేవాలన్న నియమం వచ్చింది. పన్నెండంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు, పన్నెండంగుళాల ఎత్తు మించకూడదు, చేతిలో పట్టే చిన్న పర్సు వేరే ఉండొచ్చు. తర్వాత చాలా స్టేడియాలు ఇదే దారి పట్టాయి. డాలస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో క్రికెట్‌కి వెళ్లే మనవాళ్లు బోలెడుమంది. బయల్దేరేముందు ఆ స్టేడియం వెబ్‌సైట్లో బ్యాగు కొలత చూసుకోండి, ఊరగాయ డబ్బా కారులోనే ఉంచండి. లండన్ లార్డ్స్‌లో మాత్రం టెస్టులకు ఎవరి మద్యం వాళ్లు కొంతమేర తెచ్చుకునే సంప్రదాయం ఏళ్లుగా ఉంది. ఇక్కడ నీళ్ల సీసాకే దిక్కులేదు!

ప్రశ్న: నిషేధించిన వస్తువు ఉందని లోపలికి రానివ్వకపోతే టికెట్ డబ్బు తిరిగి ఇస్తారా?

ఇవ్వరు. ఆ వస్తువు బయట పెట్టొస్తే అదే టికెట్‌తో రానిస్తారు, స్కాన్ కాకపోతే. అయ్యాక ఇబ్బంది వస్తే గేటు దగ్గరి పర్యవేక్షకుడితో అక్కడికక్కడే మాట్లాడాలి, గేటు నంబరు, సమయం రాసుకోవాలి. ఇంటికెళ్లాక పెట్టే ఫిర్యాదుకి ఆ రెండూ లేకపోతే జవాబు కూడా రాదు.